పోలీస్ యాక్షన్‌ల పోలీసులు యాడున్నరు?

నమస్తే అందరికి. ఈ వీడియో ఎప్పటిసందో చెయ్యాలనుకుంటున్న, మొన్న సూర్యాపేట బస్టాండ్‌ల డిగ్రీ చదివే తమ్ముడొకడు "అన్నా, 1948ల పోలీసులొచ్చి నిజాంను దించిన్రు గద, దాన్ని యుద్ధం అంటవేంది" అన్నడు, ఇగ ఆగలేకపోయిన. ఆ పిలగాని తప్పు కాదు. ఆ పేరే అట్ల పెట్టిన్రు, పోలీస్ యాక్షన్ అని.

తమ్మీ, వచ్చింది మిలటరీ. దాని అసలు పేరు ఆపరేషన్ పోలో. సెప్టెంబర్ 13న మొదలై 17కు ఒడిసింది. ఒక దళం షోలాపూర్ దిక్కుకెళ్లి ట్యాంకులతోని వచ్చింది, జనరల్ చౌదరిది, ఇంకోటి విజయవాడ దిక్కుకెళ్లి మన సూర్యాపేట మీదికెళ్లే వచ్చింది, పైనకెళ్లి విమానాలు బాంబులేసినయ్. గిది పోలీసులు చేసే పనేనా చెప్పు.

మా నాయనమ్మ అప్పుడు చిన్నపిల్ల. రజాకార్లు వస్తున్నరంటే ఆమెను వడ్ల గుమ్మిల దించి పైన గోనెసంచి కప్పెటోళ్లంట. వడ్ల నూగు ముక్కులకు పోయి తుమ్మొస్తదని నోరు, ముక్కు రెండు చేతులతోని గట్టిగ మూసుకుని కూసునేదాన్ని అని చెప్పుకుంట ఇప్పటికీ చేతులు అట్లనే పెట్టి సూపిస్తది. ఆమె మాటల్ల నేనొకటి కనిపెట్టిన. మనుషుల గురించి చెప్పేటప్పుడు "మిలట్రోళ్లు వచ్చిన్రు" అంటది, యేడాది లెక్క చెప్పేటప్పుడు మాత్రం "పోలీస్ యాక్షన్ ఐన యేడు మా తమ్ముడు పుట్టిండు" అంటది. కండ్లతోని చూసింది మిలటరీని, నోటికొచ్చింది సర్కారు పెట్టిన పేరు.

ఎందుకు పెట్టిన్రు ఆ పేరు? ఒక ఉదాహరణ చెప్త, వీడియో మొత్తం దీన్నే పట్టుకుందాం. ఒకడు ఇంట్ల మనుషులను కొడుతున్నడు అనుకో, లొల్లి వినపడి వాడకట్టోళ్లు వస్తరు, వాడు తలుపేసి లోపట గొళ్లెం పెట్టి "ఇది మా ఇంటి ముచ్చట, మీకేం పని" అంటడు. అంతే. యుద్ధం అంటే రెండు దేశాల నడుమ జరిగేది, వాడకట్టంతా వచ్చి అడుగొచ్చు. పోలీస్ యాక్షన్ అంటే ఇంటి ముచ్చట. నిజాం సర్కారు అప్పటికే, ఆగస్టుల, ఐక్యరాజ్యసమితికి పోయింది, అందుకే మన దేశానికి ఆ గొళ్లెం అవసరం పడ్డది.

ఇప్పుడు అసలు ముచ్చట వినుర్రి. ఈ పేరు మనొక్కలదే కాదు. ఇండోనేషియాను ఏలిన డచ్చోళ్లు, అంటే నెదర్లాండ్స్ దేశపోళ్లు, 1947 జూలైల ఒకసారి, 1948 డిసెంబర్‌ల ఇంకోసారి, దేశం చెయ్యి జారిపోతుందని లక్షమంది పైన సైన్యంతోని మీద పడ్డరు. దానికి వాళ్లు పెట్టిన పేరేందో తెలుసా, పోలీస్ యాక్షన్! అచ్చం అదే. ఇండోనేషియా 1945 ఆగస్టు 17నే స్వతంత్రం ప్రకటించుకున్నది, డచ్చోళ్లేమో మేం అధికారం అప్పజెప్పిన 1949 డిసెంబర్‌దే లెక్క అన్నరు. ఆ తారీఖే వాళ్ల గొళ్లెం. 1949 దాకా ఇల్లు మాది, 47ల జరిగింది మా ఇంటి ముచ్చట.

అప్పుడు ఆ తలుపు కొట్టిన వాడకట్టోళ్లల్ల ముందున్నది మన దేశమే. 1947ల ఆస్ట్రేలియాతోని కలిసి భద్రతా మండలికి పోయింది, 1949 జనవరిల నెహ్రూ ఢిల్లీల ఆసియా దేశాలను పిలిచి మీటింగ్ పెట్టిండు. హైదరాబాద్ ఐన నాలుగు నెలలకు. రెండూ ఒకటే అంటలేను, జర మంచిగ వినుర్రి. డచ్చోళ్లు సముద్రాలు దాటొచ్చి ఏలినోళ్లు, మన కాడ రజాకార్ల కింద నలిగిన జనం మిలటరీ వస్తే సంబురపడ్డరు, మా నాయనమ్మ గుమ్మిలకెళ్లి బయటపడ్డది అప్పుడే. అది నిజం. ఐతే గొళ్లెం మాత్రం ఒకటే.

ఆ గొళ్లెం వెనక ఏం జరిగిందో చూడుర్రి. 1947 డిసెంబర్ 9, పశ్చిమ జావాల రావగెడె అనే ఊరు. డచ్ సైనికులు ఒక పోరాట నాయకుని కోసం వచ్చిన్రు, దొరకలేదు, ఊరి మొగోళ్లను వరుసగ నిలబెట్టి కాల్చిన్రు. ఊరోళ్ల లెక్క 431 మంది, డచ్ లెక్క 150. అక్కడ కొన్నిచోట్ల మావోళ్లు హద్దు దాటిన్రు, సైన్యం మొత్తానికైతే సరిగ్గనే ఉన్నదని 1969ల డచ్ సర్కారు రిపోర్ట్ రాసుకున్నది. అరవై యేండ్లు దాటినంక ముసలి వితంతువులు కొందరు డచ్చోళ్ల దేశంలనే ఉన్న హేగ్ కోర్టుకు పోయిన్రు. గడువు మించిపోయిందని సర్కారు వాదించింది. మొగని చావుకు గడువేందయ్యా! కోర్టు ఒప్పుకోలేదు, 2011ల ఆ తల్లులు గెలిచిన్రు, తలా 20,000 యూరోలు, అదే డిసెంబర్ 9న డచ్ రాయబారి ఆ ఊరికే పోయి క్షమాపణ చెప్పిండు. గొళ్లెం లోపలోళ్లు తియ్యలే, బయటికెళ్లి ముసలి చేతులు ఇరగ్గొట్టినయ్. 2022ల వాళ్ల చరిత్రకారులే ఇది అక్కడక్కడ జరిగింది కాదు, పద్ధతి ప్రకారం జరిగిన హింస అని తేల్చిన్రు, 1945 తారీఖును పూర్తిగ ఒప్పుకుంటున్నం అని ప్రధాని 2023ల గానీ అనలే.

ఇంగ్లీషోళ్ల గొళ్లెం పేరు ఎమర్జెన్సీ. మలయాల, అంటే ఇప్పటి మలేషియా దిక్కు, ఎమర్జెన్సీ, కెన్యాల ఎమర్జెన్సీ. వీళ్లు తలుపేసుడే కాదు, కాయితాలు అటక మీద దాచిన్రు. ఇంగ్లీషోళ్ల మీద లేచిన మౌమౌ పోరాటంల హింసలు పడ్డ కెన్యా ముసలోళ్లు కేసేస్తే 2011ల ఇంగ్లండ్ సర్కారు భవనం ఒకదాంట్ల వేల ఫైళ్లు బయటపడ్డయ్, ఒక్క కెన్యావే కాదు, 37 వలస దేశాలవి. 2013ల 5,228 మందికి కలిపి దాదాపు 2 కోట్ల పౌండ్లు ఇచ్చిన్రు, "విచారిస్తున్నం" అన్నరు. జలియన్‌వాలా బాగ్‌కు నూరేండ్లు నిండిన 2019ల గూడ అదే మాట. విచారం వేరు, క్షమాపణ వేరు, గడప లోపట నిలబడి అయ్యో అన్నట్టు.

టైం ఐపోతుంది, జల్ది చెప్త. ఫ్రాన్స్ అల్జీరియాల ఎనిమిదేండ్లు కొట్లాడి దానికి "సంఘటనలు" అని పేరు పెట్టుకున్నది, "యుద్ధం" అనే మాట చట్టంల రాసింది 1999ల. జర్మనీ నమీబియాల 1904 నుంచి 1908 దాకా హెరెరో, నామా జనాన్ని చంపిన దాన్ని జాతిహత్య అని 2021ల ఒప్పుకున్నది, ముప్పై యేండ్లల్ల 110 కోట్ల యూరోలు ఇస్తం అన్నది, నష్టపరిహారం అనే మాట మాత్రం రానియ్యలే. జపాన్ ముచ్చటకు వేరే వీడియోనే కావాలె.

మళ్ల మన ఇంటికొద్దాం. పోలీస్ యాక్షన్ ఐనంక ఏం జరిగిందో చూసి రమ్మని నెహ్రూనే పండిట్ సుందర్‌లాల్ కమిటీని పంపిండు. ఎంత తక్కువ లెక్కేసినా 27,000 నుంచి 40,000 మంది చచ్చిపోయిన్రని వాళ్లు రాసిన్రు, ఎక్కువ ముస్లింలు, ఎక్కువ ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలల్ల. మన నల్లగొండ దిక్కు అదే మిలటరీ సంఘపోళ్ల, అంటే కమ్యూనిస్టుల, కోసం క్యాంపులు పెట్టి 1951 దాకా ఊర్లు గాలించింది. ఆ రిపోర్ట్ దశాబ్దాలు బయటికి రాలే. సెప్టెంబర్ 17 వస్తే విమోచనమా, విలీనమా, విద్రోహమా అని ప్రతి యేడు కొట్లాడుకుంటం, ఈ రిపోర్ట్ పేరెత్తేటోడు ఒక్కడు గూడ కనపడడు, నాకు అది మస్తు బాధ అనిపిస్తది.

దాంట్ల ఒక మాట ఉన్నది. అక్కడక్కడ హిందూ నేతగాళ్లు ముస్లిం నేతగాళ్లకు అడ్డం నిలబడి కాపాడిన్రు, ఆ కాపాడుట్ల తమ ప్రాణాలు గూడ పోగొట్టుకున్నరు అని. ఎవరు, ఏ ఊరు అని ఆ వాక్యంల లేదు. మన దిక్కు ఇంటింటికి మగ్గమున్న ఊర్లు ఎన్ని లేవు, పోచంపల్లి, పుట్టపాక, అటు గద్వాల. మీ ఇంట్ల ఎనభై అయిదు దాటినోళ్లు ఉంటే ఈ రాత్రే ఫోన్‌ల రికార్డింగ్ పెట్టి అడగుర్రి, ఎవలన్న ఎవలనన్న మగ్గం గుంతల దాచిపెట్టిన్రా అని.