అనపకాయలు వచ్చేశాయి: తిరుపతి బజారులో మా ఆదివారం

ముందు నా వేళ్లు చూడండి. కెమెరా కాస్త దగ్గరికి పెట్టు నాన్నా... ఆ, చాలు. బొటనవేలు, చూపుడువేలు కొసలు కాస్త నల్లబడ్డాయి కదా? నిన్న మధ్యాహ్నం నాలుగు కిలోల అనపకాయలు ఒలిచాం. సొరకాయ కాదండీ, ఇవి చిక్కుడు జాతి కాయలు. సబ్బుతో రెండుసార్లు కడిగినా జిగురు పోలేదు, వాసనా పోలేదు. ఈ వాసన ఉన్నన్నాళ్లూ మా ఇంట్లో పండగే.

నమస్కారం అండీ. మా ఇల్లు తిరుపతిలో, నా పుట్టిల్లు చిత్తూరు. ఈ వీడియో మా వదిన అడిగిన ఒక్క ప్రశ్న వల్ల చేస్తున్నాను. వదిన అంటే మా ఆయనకు మేనత్త కూతురు. పుట్టింది, పెరిగింది విజయవాడ. దర్శనానికని మొన్న శనివారం వచ్చింది. కొండకు బయలుదేరుతూ, "ఎన్నిసార్లొచ్చినా లడ్డు తప్ప ఏం పట్టుకెళ్తున్నాను? మీ ఊళ్లో తినడానికి ఇంకేమీ దొరకదా?" అంది.

లడ్డుకు సాటి లేదు, అందులో రెండో మాట లేదు. 2009లోనే తిరుపతి లడ్డుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ పేరు పెట్టి ఇంకెవరూ అమ్ముకోవడానికి లేదు. కానీ వదిన మాట నాకు రోజంతా మనసులో మెదులుతూనే ఉంది. చాలామంది రైలు దిగుతారు, అలిపిరికి వెళ్తారు, కొండెక్కుతారు, దిగుతారు, మళ్లీ రైలెక్కుతారు. కింద ఊళ్లో మేం ఏం తింటామో వాళ్లు చూసే సందర్భమే రాదు. అందుకే ఈ సోమవారం సాయంత్రం వదిన కొండ దిగేలోపు మా ఊరి తిండి ఒకటి చేసి చేతికివ్వాలని అనుకున్నాం. ఏం చేయాలన్నది మా అత్తమ్మ తేల్చేసింది. "జనవరి వచ్చింది, మంచు పడతా ఉంది, ఇంకేం అడుగుతావు? పితికిపప్పే." అంటే నానబెట్టి తోలు తీసిన అనప గింజల పప్పుతో చేసే కూర.

ఆదివారం పొద్దున ఆరున్నరకు ఐదుగురం బయలుదేరాం. నేను, మా ఆయన, అత్తమ్మ, పెద్దది, చిన్నోడు. ఆదివారం మా ఇంట్లో పొయ్యి వెలిగించం. టిఫిను బండి దగ్గరే. ఇప్పుడు మీకు కనిపిస్తున్నది ఆ బండే. గోవిందరాజస్వామి గుడి గోపురం వెనకాల కనిపిస్తోంది చూడండి. చలికి ఆవిరి ఎలా లేస్తోందో.

ఆ అన్న చేతినే చూడండి. పెనం మీద నీళ్లు చిలకరించాడు, సుయ్ మంది. సగానికి కోసిన ఎర్రగడ్డను నూనెలో ముంచి పెనమంతా రుద్దాడు. మేం ఉల్లిపాయను ఎర్రగడ్డ, వెల్లుల్లిని తెల్లగడ్డ అంటామండీ. దోశ పిండి పోసి తిప్పాడు. అది కాస్త ఆరగానే ఎర్రకారం. నానబెట్టిన ఎండుమిరపకాయలు, ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉప్పు వేసి మెత్తగా రుబ్బింది. గరిటె వెనక వైపుతో అంచుల దాకా పూస్తాడు. దాని మీద పప్పుల పొడి, అంటే పుట్నాల పొడి చల్లి, నెయ్యి ఒక చుక్క. పప్పుల పొడి ఆ కారాన్ని పట్టుకుంటుంది. అది లేకపోతే కారం నాలుకను కాలుస్తుంది, ఉంటే కమ్మగా దిగుతుంది. పక్కన చెనక్కాయ చట్నీ, అదే వేరుశనగ చట్నీ. మా చిన్నోడికి ఏడేళ్లు. పోయిన ఏడాది దాకా వాడికి కారం లేకుండా పోయించేవాళ్లం. ఈసారి వాడే వెళ్లి, "అన్నా, నాకూ ఎర్రది" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ ప్లేటు వదల్లేదు. ఆ అన్న ఏమీ అనకుండా వాడి ప్లేటులో ఇంకాస్త చట్నీ వేశాడు.

అక్కడి నుంచి మార్కెట్. తిరుపతిలో రైతు బజారు కూడా ఉంది. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో రైతు బజార్లు పెట్టింది, మధ్యలో దళారీ లేకుండా రైతే తెచ్చి అమ్ముకోవాలని. టమోటాలు, వంకాయలు, ఆకుకూరలు మేం అక్కడే కొంటాం. అనపకాయలకు మాత్రం మార్కెట్ బయట, రోడ్డు వారన గోనెపట్ట పరుచుకుని కూర్చునే అవ్వ దగ్గరికే పోతాం. పదకొండేళ్లుగా ఆ అవ్వ చోటు మారలేదు. గోనెపట్ట మీద సరుకే మారుతూ ఉంటుంది.

"అనపకాయలు దిగాయా అవ్వా?" అని అడిగితే ఆమె జవాబు చెప్పదు. ఒక కాయ తీసి మన చేతిలో పెడుతుంది. "నలుపు మ్మా. చెయ్యి జిగురవుతాదా లేదా చూడు" అంటుంది. పెద్దదాని చేతిలో పెట్టింది, అది నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంది. దాని ముఖం చూడండి. ఆ వాసనను దేనితో పోల్చాలో నాకు ఇప్పటికీ తెలియదు. పచ్చిది, కాస్త ఘాటు, కాస్త నెయ్యి లాంటిది. పాత నాటు రకం అనప పగలు కురచయ్యే కాలంలోనే పూతకొస్తుంది. అందుకే చలికాలం పంట అయ్యింది. "మంచు తాగిన కాయకే వాసన" అంటుంది అవ్వ. ఎండ ముదిరిందంటే కాయ ఉన్నా ఆ జిగురు ఉండదట. ఏడాది పొడుగునా అమ్మే గింజల ప్యాకెట్లు కొని చూశాను. పప్పు వస్తుంది, ఈ వాసన రాదు.

కిలో 80 చెప్పింది. పెళ్లయిన కొత్తలో మా ఆయన ఇలాంటి చోట బేరం చేసేవారు. ఒకసారి అత్తమ్మ అక్కడే చెప్పింది, "ఆయమ్మ తెల్లారి మూడుకు లేచి బస్సెక్కింది రా, నువ్వు ఆరుకు లేచినావు." ఆ రోజు నుంచి ఆయన బేరమాడటం నేను చూడలేదు. బేరం చేయకపోయినా అవ్వ తక్కువేం ఇవ్వదు. తూకం అయ్యాక రెండు గుప్పెళ్లు కొసరు వేస్తుంది, ఒకటి "పాపకు", ఒకటి "బాబుకు".

ఆ గోనెపట్టే మా ఇంటి క్యాలెండరు. అనపకాయలు అయిపోయాక ఎండలు మొదలవుతాయి, అప్పుడు చింతచిగురు కుప్ప. తర్వాత మామిడి. జూన్‌లో నేరేడు. వానలు పడ్డాక సీతాఫలం, ఆపైన పచ్చి చెనక్కాయలు, వాటిని ఉప్పేసి ఉడకబెట్టి తింటూ కూర్చుంటే సాయంత్రం ఎలా గడిచిందో తెలియదు.

మామిడి దగ్గర కాస్త ఆగాలి, మాది మామిడి జిల్లా కదా. మూడేళ్ల కింద ఏప్రిల్ మొదటి వారంలో ఒక దుకాణంలో నిగనిగలాడే పసుపు కాయలు చూసి ఆగలేకపోయాను. కోస్తే లోపల తెల్లగా, పుల్లగా ఉన్నాయి. పిల్లలిద్దరికీ పెదాలు మండాయి, ఆ రాత్రంతా నాకు టెన్షనే. కార్బైడ్ వేసి మాగబెట్టడం మన దేశంలో నిషేధం. ఇథిలీన్ గ్యాస్‌తో, అదీ నిర్ణీత మోతాదులో అయితేనే అనుమతి ఉంది. ఆ కాయల్లో ఏం వేశారో నేను చెప్పలేను. అప్పటి నుంచి మాత్రం అవ్వ పట్ట మీద మామిడి కనపడేదాకా మా ఇంట్లోకి మామిడి రాదు. ఏప్రిల్‌లో అడిగితే, "ఇంకా వద్దు మ్మా" అనే చెప్తుంది. ముందే తెచ్చి అమ్ముకోవచ్చు కదా, అయినా అలా చేయదు.

తోతాపురి మామిడి సంగతి కూడా చెప్పాలి. మా వైపు తోటల్లో ఎక్కువగా పండేది అదే, చాలా మటుకు గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్తుంది. 2025లో ధర పడిపోయి రైతులు కాయలు రోడ్డు మీద పారబోశారు. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం 4 కలుపుతుందని ప్రకటించారు. అదే కాయను బండి మీద పొడుగ్గా చీల్చి, ఉప్పూకారం అద్ది కాగితంలో పెట్టి ఇస్తే పిల్లలు పోటీపడి తింటారు. ఆ ఏడాది మేం బండి కనపడితే చాలు కొన్నాం.

బజారులో ఇంకో పని బెల్లం. పొంగలి పండగకు అరిసెలు చేయాలి. చిత్తూరులో బెల్లం మార్కెట్ పెద్దది, చలికాలంలో మా నాయన అచ్చు బెల్లం తెస్తే ఇల్లంతా చెరుకు వాసన. ఆయన నాకు నేర్పింది ఒకటే, మెరిసే బెల్లం కొనొద్దు. రంగు తేలడానికి హైడ్రోస్ అనే రసాయనం వేస్తారు. ముదురు రంగులో, వేలితో నొక్కితే కాస్త మెత్తగా ఉన్నదే ఏరుకుంటాను. పెద్దదానికి నిన్న ఇదే చూపించాను. రెండు అచ్చులు పక్కపక్కన పెట్టి వాసన చూసి నల్లదే తీసింది.

తిరిగొచ్చేటప్పుడు అవ్వ ముఖం కాస్త దిగులుగా కనిపించింది. రోడ్డు పని ఉందని, నాలుగు రోజులు ఇటు కూర్చోవద్దని ఎవరో చెప్పి వెళ్లారట. సరిగ్గా పండగ నాలుగు రోజులూ! 2014లో వీధి వ్యాపారుల కోసం కేంద్రం చట్టం చేసింది. సర్వే చేసి, అమ్ముకోవడానికి కార్డులిచ్చేదాకా ఎవరినీ లేపకూడదని అందులో రాసి ఉంది. మా ఆయన ఫోనులో చదివి వినిపించారు. కార్డు ఉందా అని అడిగితే అవ్వ కొంగుముడి విప్పి చూపించింది, ప్లాస్టిక్ కవరులో జాగ్రత్తగా పెట్టుకుంది. అది పట్టుకుని వార్డు సచివాలయానికి వెళ్దామని ఈ పొద్దున మా ఆయన ఆమెను తీసుకెళ్లారు. పక్క సందు మలుపులో కూర్చోవడానికి ఒప్పుకున్నారు. ఈ వీడియో చూసే తిరుపతి వాళ్లు, ఈ వారం మార్కెట్ గేటు దగ్గర ఆమె కనపడకపోతే ఎడమ చేతి సందులో చూడండి.

నిన్న మధ్యాహ్నం అందరం కూర్చుని ఒలిచాం, రాత్రి గింజలు నీళ్లలో పోశాం. తెల్లారేసరికి ఉబ్బి, తోలు వదులైంది. ఇప్పుడు పితకడం. దగ్గరగా చూడండి. గింజను రెండు వేళ్ల మధ్య పట్టి ఇలా నొక్కితే తోలు చేతిలో మిగిలి, పప్పు టప్పున గిన్నెలో పడుతుంది. పాలు పితికినట్టే, అందుకే ఆ పేరు. గట్టిగా నొక్కితే బద్దలు విడిపోతాయి, మెల్లగా నొక్కితే బయటికి రాదు. అత్తమ్మ గిన్నె వైపు చూడకుండానే పితుకుతుంది. చిన్నోడు మొదటి గింజను నొక్కితే వెళ్లి టీవీకి తగిలింది. బడికి టైమయ్యేలోపు వాడు ఒక గ్లాసుడు పితికాడు, లెక్కపెట్టి మరీ చెప్పాడు, 212 అట.

కూర అత్తమ్మ చేసింది. ఎర్రగడ్డ, టమోటా వేగాక అల్లం, తెల్లగడ్డ, కొబ్బరి, ధనియాలు, రెండు లవంగాలు, చిన్న చెక్క ముక్క కలిపి నూరిన ముద్ద. పచ్చివాసన పోయాక పప్పు, నీళ్లు. మూత పెట్టి సన్నమంట. పప్పు ఉడకాలి, చిదమకూడదు. సంగటిలోకి బాగుంటుంది, దోశలోకి ఇంకా బాగుంటుంది.

వదిన రైలు రాత్రి పదింటికి. నాలుగు దోశలు అరటాకులో చుట్టాను. కూర స్టీలు డబ్బాలో పోసి, కారకుండా మూత చుట్టూ గుడ్డ కట్టాను. అవ్వ కొసరు వేసిన కాయలు ఒక గుప్పెడు ఒలవకుండా అలాగే ఉంచాను, అవీ సంచిలో వేశాను. రైల్లో కూర్చుని ఒకటి నలిపి చూసుకోమని చెప్తాను.