గొంగడిని కొప్పెరగా వేసుకోవడం ఎలా?

నమస్కారం. సభల్లో పెద్దమనిషి భుజాలకు గొంగడి కప్పి, చేతికి కర్ర అందించడం మీరంతా చూసే ఉంటారు. గౌరవమే, కాదనను. కానీ పాలమూరు, నల్లగొండ పల్లెల్లో గొర్రెల కాపరికి గొంగడి అసలు పని వానలో తెలిసేది. మంద వెంట నడిచే మనిషికి అదే గొడుగు, రాత్రికి అదే పక్క. ఆ వాన ముసుగే కొప్పెర. ఈరోజు అది వేయడం చూపిస్తాను.

ముందు బట్టను దగ్గరగా చూడండి. ఈ నలుపు అద్దకంతో వచ్చింది కాదు, దక్కనీ గొర్రె ఉన్నికి పుట్టుకతో ఉన్న రంగు. చేత్తో నిమిరితే గరుకుగా, బిరుసుగా తగులుతుంది. నేసే ముందు కురుమలు పడుగుకు, అంటే మగ్గం మీది నిలువు పోగులకు, చింతగింజల గంజి పట్టిస్తారు. ఆ బిరుసు వల్లే కొప్పెర ముఖం మీదికి జారిపోకుండా నిలబడుతుంది. ఉన్ని తన బరువులో 30 శాతం దాకా తేమ పీల్చుకున్నా ఒంటికి తడి తెలియదు. నిప్పురవ్వ పడినా భగ్గున అంటుకోదు.

ఇక మడత. గొంగడిని నేలమీద పరిచి, పొడవు సగమయ్యేలా మడవండి. రెండు పొరలవుతాయి. మడత అంచు తలవైపు ఉండాలి. ఇప్పుడు ఎడమ సగాన్ని కుడి సగం మీదికి తెచ్చి, తలవైపు అంచులు రెండింటినీ దబ్బనంతో, పురికొసతో కలిపి కుట్టండి. కుట్లు దగ్గర దగ్గరగా పడాలి, సందు ఉంటే నీరు నేరుగా నడినెత్తికి దిగుతుంది. కుట్టిన మూల నెత్తిమీద, ఈ రెండో మడత వీపు మీద వచ్చేలా తొడుక్కోండి. ముందు అంచులు ఛాతీ మీద ఒకదానిపై ఒకటి వేసుకుంటే చేతులు ఖాళీగా ఉంటాయి.

తడిశాక బరువెక్కుతుంది. పిండకండి, నీడలో ఆరేయండి. వేడినీళ్లు తగిలితే ముడుచుకుపోతుంది.

మాంసం కోసం ఉన్ని లేని నెల్లూరు రకం గొర్రెలు పెరిగి, దక్కనీవి తగ్గిపోతున్నాయి. నేతగాళ్లకు మంచి ఉన్ని దొరకడమే కష్టమవుతోంది. అందుకే కొనేటప్పుడు అంచు నుంచి ఒక పోగు లాగి కాల్చి చూడండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడి అయితే అది ఉన్ని. కరిగి గట్టి ముద్ద కడితే అక్రిలిక్ అనే కృత్రిమ నూలు కలిసినట్టే, తిరిగి ఇచ్చేయండి.