కుర్చీని తిరగేసి చూడండి
(విజయనగరంలో వడ్రంగి మేస్త్రీలు, పాలిటెక్నిక్ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగం)

సభలోని పెద్దలకు, బొబ్బిలి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన మేస్త్రీలకు, వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ పిల్లలకు నమస్కారం. ఆ పిల్లల్ని చూస్తే కాస్త సిగ్గుగా ఉంది. కుర్చీల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు, తీరా చూస్తే హాల్లో కుర్చీలు చాల్లేదు.

ఫర్నిచర్ ప్రదర్శన చూడ్డానికి ఇటలీలోని మిలాన్ వెళ్తున్నానని చెప్పినప్పుడు మా అమ్మ, "ఏటి బాబూ, కుర్చీలు సూడ్డానికి అంత దూరం ఎల్లాలా? మన గంటస్తంభం కాడ లేవా?" అంది. ఉన్నాయి. అయినా వెళ్లాను. ఆ ప్రదర్శన పేరు సలోనే దెల్ మొబిలే. 1961లో మొదలైంది, ఇటలీ ఫర్నిచర్‌ని బయటి దేశాలకి అమ్ముకోవడం కోసం. ఏప్రిల్‌లో ఆరు రోజులు జరుగుతుంది. మొదటి రోజులన్నీ వ్యాపారస్తులవి, శని ఆదివారాల్లో మాత్రం టికెట్టు కొన్న ఎవరినైనా రానిస్తారు. నేను వెళ్లింది 2024 ఏప్రిల్ 20, శనివారం. మెట్రో ఎర్ర లైనులో చివరిదాకా వెళ్లి రో అనే చోట దిగితే, రైల్లో ఉన్న జనమంతా అక్కడే దిగారు. ఆ ఏడాది మొత్తం 3 లక్షల 70 వేల మంది వచ్చారట. నాకు మన పైడితల్లి సిరిమాను రోజు గుర్తొచ్చింది. అరటిపళ్లు విసిరేవాళ్లు లేరు, అంతే తేడా.

వంటిళ్ల విభాగం గురించి ఎక్కువ చెప్పను. నున్నటి రాతి బల్ల చూపించి ఇదే పొయ్యి అంటారు. మంట లేదు, గిన్నె లేదు, పోపు డబ్బా అసలే లేదు. ఇంగువ పోపు వేస్తే ఆ గది ఏమవుతుందో చూడాలని మాత్రం గట్టిగా అనిపించింది. ధరలు ఎక్కడా రాసి లేవు, అడిగే ధైర్యం నాకూ లేదు.

నాకు నచ్చింది వేరే. అక్కడ పని తెలిసినవాళ్లు కుర్చీ ముందు నిలబడి చూడరు. మోకాళ్ల మీద కూర్చుని కిందనుంచి చూస్తారు. కాలు చట్రంలోకి ఎలా దూరింది, కుసి, అంటే కన్నంలో దూరే చెక్క మొన, కనబడుతోందా, మేకు కొట్టారా, జిగురుతో సరిపెట్టారా, అదీ వాళ్ల ధ్యాస. నేనూ ఒకచోట వంగాను. స్టాల్లో అమ్మాయి గబగబా వచ్చింది. తిడుతుందేమో అనుకున్నాను. వడ్రంగం చేస్తానని చేతులతో చిత్రిక పట్టినట్టు చూపించాను. నవ్వి, ఆ కుర్చీని తనే ఎత్తి తిరగేసి పెట్టింది. అడుగు భాగం కూడా పైభాగం అంత నున్నగా ఉంది. మన దుకాణాల్లో ఎన్ని సోఫాల అడుగున నల్లగుడ్డ కొట్టి దాస్తామో ఇక్కడున్న మనకి తెలుసు. నేనూ కొట్టాను.

ఇక నేను వెతుక్కుంటూ వెళ్లిన కుర్చీ. ప్రదర్శనలో కాదు, ఊళ్లో ఒక షోరూంలో చూశాను. పేరు సూపర్‌లెజ్జేరా, అంటే మహా తేలికైనదని. 1957లో జో పొంటి అనే ఆర్కిటెక్టు రూపకల్పన చేస్తే కాసినా సంస్థ తయారుచేసింది. మిలాన్‌లో ఆకాశాన్ని తాకే పిరెల్లీ భవనం గీసిందీ ఆ పొంటియే. అంత మేడ కట్టినవాడు ఈ కుర్చీని 1.7 కిలోలకి దించాడు. చిటికెన వేలితో ఎత్తొచ్చు. కాళ్లు గుండ్రంగానో చదరంగానో ఉండవు, మూడు పలకలుగా ఉంటాయి, ఒక్కో పలక 18 మిల్లీమీటర్లు. నాలుగో అంతస్తు నుంచి పడేస్తే విరక్కుండా ఎగిరిందని చెప్పుకుంటారు. నేను పడేసి చూడలేదు, వాళ్లు పడెయ్యనివ్వరు కూడా.

ఈ కుర్చీ పొంటి బుర్రలో పుట్టలేదు. ఇటలీలోనే సముద్రం ఒడ్డున కియావరి అనే ఊరుంది. అక్కడ 1807లో దెస్కాల్జీ అనే వడ్రంగి తేలికపాటి కుర్చీ ఒకటి చేశాడు, ఊరు ఊరంతా దాన్నే చేస్తూ బతికింది. పొంటి ఆ ఊరి కుర్చీని తీసుకుని, అక్కర్లేని చెక్కని గోకుతూ పోయాడు. ఏళ్లు పట్టింది. ఆయన గీయడం, కార్ఖానాలో పనివాళ్లు చేసి చూడడం, మళ్లీ గీయడం. మిలాన్‌కి ఉత్తరాన బ్రియాంజా అని ఒక ప్రాంతం ఉంది, మేదా, కాంతూ, లిస్సోనే లాంటి వడ్రంగుల ఊళ్లు. ఆ ప్రదర్శనలో వెలిగే దీపాల వెనక ఉన్నది ఆ ఊళ్లే.

అప్పుడు నాకు బొబ్బిలి వీణలు చేసే మన గొల్లపల్లి గుర్తొచ్చింది. ఒకే పనస దుంగలోంచి వీణ మొత్తం తీస్తారు. బాడిసతో లోపల తొలుస్తూ, ఒకాయన నా ఎదురుగానే వేలితో టకటకమని కొట్టి, "ఇంకా మందంగా ఉంది" అన్నాడు. కొలబద్ద ముట్టుకోలేదు. చెక్క ఎంత పల్చనైతే పలుకుతుందో, ఎక్కడ ఆపకపోతే పగులుతుందో ఆ చెవికి తెలుసు. అలాంటి చేతికి మనం ఇచ్చే పని ఏమిటి? ఫోన్లో బొమ్మ చూపించి, ప్లైవుడ్ మీద సన్‌మైకా అంటించి, "అచ్చం ఇలాగే" చెయ్యమంటాం. అడిగేవాళ్లది తప్పనను, వాళ్లకి మనం వేరేది చూపించలేదు.

మన నవారు మంచం ఏం తక్కువ? నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు, నవారు. ఒక్క మనిషి డాబా మీదకి మోసేవాడు. వదులైతే బిగించుకునేవాళ్లం, చిరిగితే మార్చుకునేవాళ్లం. సూపర్‌లెజ్జేరాలో కూర్చునే భాగం పేము అల్లిక, అదీ పాడైతే మళ్లీ అల్లించుకోవచ్చు. మనం మాత్రం మంచాన్ని అటక ఎక్కించాం.

తిరిగొచ్చాక ఆ గొల్లపల్లి ఆయన, నేను కూర్చుని ఒక స్టూలు చేశాం. వీణకి పనికిరాని పనస ముక్కలు, పైన నవారు. మేకు లేదు. మొదటిది నేను కూర్చోగానే విరిగింది. రెండోది నిలబడింది గానీ రోలంత బరువు. మూడోది ఇదిగో, ఈ మైకు పక్కన పెట్టాను. రెండు కిలోల మూడొందల గ్రాములు. ఒక కాలు కొంచెం ఆడుతోంది, ఎందుకో మా ఇద్దరికీ ఇంకా అంతు చిక్కలేదు. మేస్త్రీలు ముందుకి రండి, తిరగేసి చూసి చెప్పండి. కూర్చుంటామనే వాళ్లు కూడా రావచ్చు, సన్నగా ఉన్నవాళ్లు ముందు.