99 వారాల భృతి ఖరీదెంత?

మిత్రులారా, నమస్కారం.

2013 చివర్లో అమెరికాలో ఒక లెక్క బయటికొచ్చింది. నిరుద్యోగ భృతికి ఇస్తున్న అత్యవసర పొడిగింపును మరో ఏడాది కొనసాగిస్తే దాదాపు 2,600 కోట్ల డాలర్లు ఖర్చవుతుందని కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) బడ్జెట్ ఆఫీసు చెప్పింది. అందరూ ఆ అంకె పట్టుకునే కొట్లాడుకున్నారు. ఆ డబ్బు ఖర్చయితే 2014 ఆఖరుకి సుమారు 2 లక్షల ఉద్యోగాలు అదనంగా ఉంటాయని అదే ఆఫీసు చెప్పిన మాట మాత్రం తక్కువమందికే ఎక్కింది.

అసలు ఈ డబ్బు ఎవరిది? చాలా రాష్ట్రాల్లో మామూలు భృతి 26 వారాలు. అది యజమానులు కట్టే పన్నులోంచి వస్తుంది. ఫెడరల్ (కేంద్ర) పన్ను ఒక్కో ఉద్యోగి ఏడాది జీతంలో మొదటి 7,000 డాలర్ల మీదే పడుతుంది. 1983 నుంచీ అదే పరిమితి! కాలిఫోర్నియా తన పన్నుకూ అదే పెట్టుకుంది. అలాంటి నిధులు 2008 నాటి మాంద్యానికి ఆగుతాయా? 30కి పైగా రాష్ట్రాలు ఫెడరల్ ప్రభుత్వం దగ్గర అప్పు చేశాయి. మన హెచ్-1బీ పిల్లల జీతం మీదా యజమాని ఈ పన్ను కడతాడు. ఉద్యోగం పోతే వాళ్లకు మిగిలేది కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి సాధారణంగా 60 రోజుల గడువే, భృతి దాదాపు అందదు.

2008లో మొదలైన అత్యవసర పొడిగింపుతో కొన్ని రాష్ట్రాల్లో భృతి 99 వారాల దాకా వెళ్లింది. ఆ అదనపు వారాల భారం చాలావరకు ఫెడరల్ ఖజానాదే, అంటే అప్పే.

"కూర్చోబెట్టి డబ్బిస్తే పనికెవరు పోతారు?" అంటారు. కొందరు కాస్త ఆలస్యం చేస్తారు, నిజమే. కానీ 2009 అక్టోబరులో నిరుద్యోగం 10 శాతం. పనే లేని చోట బద్ధకం గురించి మాట్లాడి లాభమేంటి? పైగా పని వెతుకుతున్నట్టు చూపిస్తేనే భృతి.

నా అభ్యంతరం వేరే చోట ఉంది. 1970 చట్టం కింద నిరుద్యోగం పెరిగితే భృతి గడువు దానంతటదే పెరిగే ఏర్పాటు ఉంది. కానీ ప్రధాన షరతు ఏమిటంటే, ఇప్పటి రేటు గత ఏళ్లకంటే ఎక్కువుండాలి. రేటు ఎత్తులోనే నిలిచిపోతే పొడిగింపు ఆగిపోతుంది. 2012లో చాలా రాష్ట్రాల్లో అదే జరిగింది. ఇక మిగిలింది కాంగ్రెస్‌లో ఓటింగే. 2013 డిసెంబరు ఆఖర్లో అత్యవసర పొడిగింపు ముగిసి ఒక్కసారిగా 13 లక్షల మందికి భృతి ఆగింది. 2014 ఏప్రిల్‌లో సెనేట్ 59-38తో అయిదు నెలల పొడిగింపు బిల్లు పాస్ చేసింది. దిగువ సభ దాన్ని చర్చకే తీసుకోలేదు.