బలిపీఠం పక్కన తాకట్టు దుప్పటి

శ్రోతలకు నమస్కారం.

క్రీస్తుకు పూర్వం 8వ శతాబ్దంలో, రెండవ యరొబాము రాజు ఉత్తర రాజ్యమైన ఇశ్రాయేలును ఏలుతున్న రోజుల్లో, బేతేలు పుణ్యక్షేత్రంలో ఆరాధనకు ఏ లోటూ ఉండేది కాదు. ఉదయాన్నే బలులు, వేళ తప్పని దశమభాగాలు, పండుగ కూటాలు, స్వరమండలాల నాదంతో పాటలు అన్నీ సక్రమంగానే జరిగేవి. అటువంటి చోటికి దక్షిణాన యూదా దేశంలోని తెకోవ అనే ఊరి నుంచి పశువులు కాచుకుంటూ, మేడిపండ్లు ఏరుకుని బతికే ఆమోసు ప్రవక్త వచ్చాడు. అందరి కళ్ళూ బలిపీఠం మీద ఉంటే, ఆయన దృష్టి మాత్రం ఆ బలిపీఠం పక్కన భక్తులు పరచుకుని పడుకున్న బట్టల మీద పడింది. అవి అప్పు తీర్చలేని పేదల దగ్గర తాకట్టుగా తీసుకున్న బట్టలు.

ఈ తప్పు ఎంత పెద్దదో తెలియాలంటే మోషే ధర్మశాస్త్రం ఏం చెబుతోందో చూడాలి. పేదవాడి పైబట్టను తాకట్టు పెట్టుకుంటే సూర్యుడు అస్తమించే లోపల తిరిగి ఇచ్చెయ్యాలని నిర్గమకాండం ఆదేశిస్తుంది. రాత్రి కప్పుకోవడానికి అతనికి ఉన్నది అదొక్కటే కదా, అది లేకుండా ఏం కప్పుకుని పడుకుంటాడు అని దేవుడే అక్కడ అడుగుతాడు. ద్వితీయోపదేశకాండం ఇంకొక అడుగు ముందుకు వేసి, అప్పు ఇచ్చినవాడు తాకట్టు వస్తువు కోసం ఆ ఇంట్లోకి చొరబడకూడదనీ, బయటే నిలబడి ఉండాలనీ, ఇంటివాడే దాన్ని తెచ్చి ఇవ్వాలనీ చెబుతుంది. అప్పులపాలైన మనిషి గడపకు కూడా మర్యాద ఉండాలన్న ఈ జాగ్రత్త నాకు ఎప్పుడు చదివినా ఆశ్చర్యంగానే ఉంటుంది. బేతేలులో ఆ రాత్రి ఒక ఇంట్లో ఎవరో చలికి వణుకుతూ ఉంటే, ఆ మనిషి దుప్పటి దేవుని సన్నిధిలో పరుపుగా మారింది.

అందువల్లనే ఆమోసు నోట దేవుడు మీ పండుగలు నాకు అసహ్యమనీ, మీ పాటల ధ్వని నా దగ్గర నుంచి తొలగించండనీ, నీళ్ళు పారినట్టు న్యాయాన్ని పారనివ్వండనీ అంటాడు. ఇది ఆరాధననే వద్దన్న మాటగా కొందరు తీసుకుంటారు గాని, నాకు అలా తోచదు. పీఠం మీదికి వస్తున్నది ఎవరి దగ్గర నుంచి లాక్కొచ్చినది అన్నదే ఆయన ప్రశ్న. విశ్రాంతిదినం ఎప్పుడు ముగుస్తుందా, ధాన్యం కొలిచే తూము చిన్నది చేసి, దొంగ త్రాసుతో తూచి, గోధుమల్లో చచ్చుతాలు కలిపి ఎప్పుడు అమ్ముకుందామా అని ఎదురుచూసేవారిని ఆయన ఎరుగును. వారు విశ్రాంతిదినాన్ని మీరినవారు కారు, ఖచ్చితంగా ఆచరించినవారే. యాజకుడైన అమజ్యా ఈ ప్రశ్నకు బదులు చెప్పలేదు. ఇది రాజుగారి పుణ్యక్షేత్రం, నీవు యూదాకు పోయి అక్కడ ప్రవచించుకుని పొట్టపోసుకో అని ఆమోసును వెళ్ళగొట్టబోయాడు.

ఉపవాస దినాన పనివారి చేత కఠినంగా పని చేయించుకునేవారిని యెషయా గ్రంథం నిలదీసినా, వేలకొలది పొట్టేళ్ళ కన్నా న్యాయమూ కనికరమూ మేలని మీకా ప్రవక్త అన్నా, దారి ఒక్కటే. యేసు ఆ దారిలోనే నడిచాడు. బలిని కాదు, కనికరాన్నే కోరుతున్నానన్న హోషేయ ప్రవక్త మాటను మత్తయి సువార్తలో ఆయన రెండుసార్లు ఎత్తి చెబుతాడు. పుదీనాలోను, సోపులోను, జీలకర్రలోను కూడా పదోవంతు లెక్కకట్టి చెల్లించే పరిసయ్యులు అనే ఆచారనిష్ఠ గల యూదులు న్యాయాన్నీ కనికరాన్నీ విశ్వాసాన్నీ విడిచిపెట్టారని మందలిస్తూనే, ఆ పదోవంతులను మానకుండా ఈ న్యాయాదులనూ చేయవలసి ఉండెనని అంటాడు. మార్కు సువార్త 7వ అధ్యాయంలోని కొర్బాను సంగతి మరీ ఘాటైనది. తల్లిదండ్రుల పోషణకు అక్కరకు రావలసిన సొమ్మును దేవునికి అర్పితమని ప్రకటిస్తే చాలు, కన్నవారికి ఇక ఏమీ చేయనక్కరలేదని ఆనాటి ఆచారం. ముసలితనంలో ఉన్న తల్లి ముందు చేతులు దులుపుకోవడానికి దేవుని పేరే వాడుకున్నారు.

తొలి క్రైస్తవ సంఘాలు కూడా ఈ జబ్బుకు అతీతం కావు. కొరింథులో ప్రభువు బల్ల, అంటే యేసు జ్ఞాపకార్థం చేసే విందు, దగ్గరే కలిగినవారు ముందుగా తిని, తాగి మత్తెక్కుతుంటే లేనివారు ఆకలితో కూర్చున్నారని అపొస్తలుడైన పౌలు మండిపడ్డాడు. 4వ శతాబ్దం చివర అంతియొకయ నగరంలో యోహాను క్రిసోస్తోము అనే క్రైస్తవ బోధకుడు మత్తయి సువార్తపై ప్రసంగిస్తూ, విధవలనూ అనాథలనూ దోచుకుని బలిపీఠానికి బంగారు పాత్ర సమర్పిస్తే రక్షణ దొరుకుతుందని అనుకోవద్దని హెచ్చరించాడు.

ఈ ప్రశ్న ఒక మనిషి బతుకునే మార్చిన సందర్భం 1514లో క్యూబా దీవిలో కనబడుతుంది. స్పెయిన్ దేశస్థుడైన బర్తొలొమే దె లాస్ కాసాస్ ఒక క్రైస్తవ పూజారి, అదే సమయంలో అక్కడి ఆదివాసుల చేత వెట్టిచాకిరీ చేయించుకునే భూస్వామి కూడా. 1511లోనే పక్క దీవి హిస్పానియోలాలో అంతోనియో దె మోంతెసీనోస్ అనే డొమినికన్ సన్యాసి, ఈ ఆదివాసులు మనుషులు కారా అని వలసదారులను వేదిక మీద నుంచే గద్దించాడు. అయినా లాస్ కాసాస్ అప్పట్లో మారలేదు. పెంతెకొస్తు పండుగ ప్రసంగానికి సిద్ధమవుతూ కతోలిక బైబిల్లోని సీరా జ్ఞానగ్రంథం 34వ అధ్యాయం చదివినప్పుడు ఆయన ఆగిపోయాడు. పేదల సొమ్ముతో బలి అర్పించేవాడు తండ్రి కళ్ళెదుట కొడుకును చంపినవాడితో సమానమనీ, కూలివాని కూలి ఎగగొట్టేవాడు రక్తం ఒలికించినవాడేననీ అక్కడ ఉంది. తాను పూజలో ఎత్తే రొట్టె ఎవరి చెమటతో పండిందో ఆయనకు తెలుసు. ఆగస్టు 15న, మరియమాత మోక్షారోపణ పండుగనాడు, తన కింద ఉన్న ఆదివాసులను వదులుకున్నానని ప్రసంగంలోనే ప్రకటించాడు. పొలంలో పశువులను వాడుకోవడం కూడా పాపమేనని చెప్పినంత వింతగా విన్నారట శ్రోతలు.

ఆయనను కూడా మచ్చలేని మహనీయుడిగా చూపడం సరికాదు. ఆదివాసుల భారం తగ్గించాలన్న తపనలో ఆఫ్రికా బానిసలను తెప్పించమని ఆయనే ఒకప్పుడు సలహా ఇచ్చాడు. వారిని పట్టి తెచ్చిన తీరు కూడా అంతే అన్యాయమని తరువాత గ్రహించి, తన అజ్ఞానమూ సదుద్దేశమూ దేవుని తీర్పు ముందు తనను కాపాడతాయో లేదో రూఢిగా చెప్పలేనని తన చరిత్ర గ్రంథంలో రాసుకున్నాడు.