పిల్లాణ్ణి స్టేషన్‌కి తీసుకెళ్ళారు, ఇప్పుడేం చేయాలి? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. పద్ధెనిమిదేళ్ళు నిండని పిల్లలు పోలీసు కేసుల్లో ఇరుక్కుంటే చట్టం ఏం చెబుతుంది, ఇంట్లోవాళ్ళు ఏం చేయాలి, ఇదీ ఈరోజు విషయం. జువైనల్ కేసులు వాదించే న్యాయవాది మనతో ఉన్నారు. మేడమ్, నమస్కారం. ఫోన్ చేసేవాళ్ళు పిల్లల పేర్లు, ఊరు చెప్పనక్కర్లేదండి.

న్యాయవాది: నమస్కారం. చెప్పనక్కర్లేదు అని కాదండీ, చెప్పకండి. 2015 జువైనల్ జస్టిస్ చట్టంలో 74వ సెక్షన్ ఉంది. కేసులో ఉన్న పిల్లాడి పేరు, ఫొటో, చదివే బడి, ఇవేవీ బయటపెట్టకూడదు. పెడితే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేకపోతే రెండూ. అందుకని పేర్లు వద్దు.

వ్యాఖ్యాత: మొదటి కాలర్. చెప్పండమ్మా.

శ్రోత: హలో, మేడమ్, వినపడుతోందా? నమస్తే మేడమ్. మా బాబు ఇంటర్ ఫస్టియర్. నిన్న సాయంత్రం నేను నీళ్ళు పడుతున్నాను. అయిదు, అయిదున్నర అయి ఉంటుంది. ఇద్దరొచ్చారు. యూనిఫాం లేదు, నేను ఎవరో అనుకున్నాను. బాబు ఉన్నాడా అన్నారు. ఉన్నాడన్నాను. బండి దొంగతనం అన్నారు మేడమ్. వాడికి బండి తోలడం కూడా సరిగ్గా రాదు. వాడి వెనక ఒకడు తిరుగుతుంటాడు, ఇరవై ఏళ్ళుంటాయి, చదువు మానేశాడు. వాడితో వద్దురా అని నేను ఎన్నిసార్లు చెప్పానో. వాళ్ళ నాన్న లారీ మీద వెళ్ళారు, ఎల్లుండికి గానీ రారు. నాకేం తెలుసు మేడమ్ ఇవన్నీ...

న్యాయవాది: అమ్మా, ఒక్క నిమిషం. మీరు ముందు కూర్చోండి. కూర్చున్నారా? బాబు ఇప్పుడెక్కడున్నాడు?

శ్రోత: స్టేషన్లోనే మేడమ్. రాత్రంతా బల్ల మీద కూర్చోబెట్టారంట. నన్ను తొమ్మిదింటిదాకా బయట నిలబెట్టి రేపు రామ్మా అన్నారు. జైల్లో పెడతారా మేడమ్?

న్యాయవాది: పెట్టరు. పెట్టకూడదు. పద్ధెనిమిది నిండని పిల్లాణ్ణి జైల్లో కాదు కదా, స్టేషన్ లాకప్‌లో కూడా పెట్టడానికి లేదు. రాత్రంతా అక్కడ ఉంచడమే తప్పు. అయితే ఇంటికి పంపాలి, పంపకపోతే అబ్జర్వేషన్ హోమ్‌లో, అంటే కేసులో ఉన్న పిల్లల్ని ఉంచే గృహంలో ఉంచాలి. మధ్యలో బల్ల మీద రాత్రి గడిపించే ఏర్పాటు చట్టంలో లేదు. బేడీలు వేశారా?

శ్రోత: లేదు మేడమ్. భుజం పట్టుకుని జీపెక్కించారు.

న్యాయవాది: సరే. మఫ్టీలో రావడం మాత్రం తప్పు కాదమ్మా, పిల్లల దగ్గరికి అలాగే రావాలి. అయిదున్నరకి తీసుకెళ్ళారన్నారు. ఇప్పుడు పదకొండు దాటింది. తీసుకెళ్ళిన ఇరవై నాలుగు గంటల్లోగా జువైనల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. దారిలో పట్టే సమయం ఒక్కటే ఈ లెక్కలోకి రాదు. అంటే ఈ సాయంత్రం అయిదున్నర దాటకూడదు. ఈరోజు బోర్డు కూర్చోలేదంటే ఒక్క సభ్యుడి ముందైనా ప్రవేశపెట్టొచ్చు. బోర్డు లేదు, సోమవారం రండి అంటే ఒప్పుకోకండి.

శ్రోత: బోర్డు అంటే కోర్టేనా మేడమ్?

న్యాయవాది: ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు కలిసి బోర్డు. ఆ ఇద్దరిలో ఒకరైనా మహిళ ఉంటారు. ఇరవై ఏళ్ళ ఆ కుర్రాడి కేసు మామూలు కోర్టుకి వెళ్తుంది, మీవాడిది బోర్డుకి. ఇద్దర్నీ కలిపి విచారించరు. వయసు ఎంత బాబుకి?

శ్రోత: అదే మేడమ్, అదొకటుంది. స్కూల్లో వేసేటప్పుడు ఏడాది ఎక్కువ వేయించాం. నిజానికి పదిహేనున్నర. టెన్త్ మెమోలో పదహారున్నర ఉంది. అది మాకు దెబ్బ అవుతుందా? పంచాయతీ వాళ్ళిచ్చిన బర్త్ సర్టిఫికెట్ కూడా ఉంది మేడమ్, అది తీసుకెళ్ళమంటారా?

న్యాయవాది: మెమో తీసుకెళ్ళండి. ముందు చూసేది బడి ఇచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్, లేదా టెన్త్ మెమో. అవి లేనప్పుడే మున్సిపాలిటీదో పంచాయతీదో చూస్తారు. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. మీరు ఇవాళ బర్త్ సర్టిఫికెట్ పట్టుకుని వాదన మొదలుపెట్టకండి. రెండు లెక్కల్లోనూ వాడికి పద్ధెనిమిది లేదు. అది చాలు.

శ్రోత: పదహారు దాటితే పెద్దవాళ్ళలాగే చూస్తారంట కదా మేడమ్. పక్కింటాయన చెప్పారు.

న్యాయవాది: పక్కింటాయన సగం చెప్పారు. అది ఘోర నేరాలకి మాత్రమే. కనీస శిక్షే ఏడేళ్ళు, ఆపైన ఉంటే దాన్ని ఘోర నేరం అంటారు. దొంగతనంలో సెక్షన్‌ని బట్టి గరిష్ఠం మూడేళ్ళో ఏడేళ్ళో ఉంటుంది, కనీసం ఏడేళ్ళు అనేది లేదు. కాబట్టి మీవాడికి ఆ భయం లేదు. బెయిల్ అంటారా, పిల్లల విషయంలో నాన్-బెయిలబుల్ అన్న మాటకి విలువ లేదు. జువైనల్ జస్టిస్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం విడుదల చేయడమే నియమం. బయటికొస్తే నేరస్థుల చేతిలో పడతాడనో, వాడికే ప్రమాదమనో, న్యాయానికి అడ్డు వస్తుందనో అనిపిస్తేనే ఆపుతారు. ఆపితే కారణం రాయాలి.

శ్రోత: అంటే జైల్లో పెట్టరు కదా మేడమ్.

న్యాయవాది: పెట్టరమ్మా. ఇంకోసారి చెబుతున్నాను, పెట్టరు. మీరు రెండు పనులు చేయండి. మెమో జిరాక్సే కాదు, అసలుది కూడా వెంట ఉంచుకోండి. తెల్లకాగితం మీద మీరు గానీ బాబు గానీ సంతకం పెట్టొద్దు. వాంగ్మూలం అని రాసి పిల్లాడితో సంతకం చేయించకూడదని నిబంధనల్లోనే ఉంది. 1098కి ఫోన్ చేస్తే పిల్లల హెల్ప్‌లైన్ వాళ్ళు పలుకుతారు. లాయర్ కోసం 15100, న్యాయసేవాధికార సంస్థ. పిల్లలకి ఉచితం. మీ ఆదాయం ఎంతని అడగరు.

శ్రోత: ఒకటి తొమ్మిది...

న్యాయవాది: ఒకటి, సున్నా, తొమ్మిది, ఎనిమిది.

వ్యాఖ్యాత: అమ్మా, లైన్లో ఇంకా చాలామంది ఉన్నారు. మళ్ళీ అవసరమైతే చేయండి. తర్వాతి కాలర్.

శ్రోత: నమస్కారమండి. మా అబ్బాయికి పదిహేడు. వారం కింద నా బైకు తీసుకెళ్ళి ఒక పెద్దాయనకి తగిలించాడు. ఆయన కాలు విరిగింది. నాకు తెలియకుండా తీశాడండి. నా మీద కూడా కేసంటున్నారు.

న్యాయవాది: 199ఏ. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చారు. మైనర్ బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడు, బండి యజమాని కూడా దోషులే. మూడేళ్ళ దాకా జైలు, పాతిక వేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. పిల్లాడికి పాతికేళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు.

శ్రోత: తెలియకుండా తీశాడు కదండి.

న్యాయవాది: చట్టం ఆ మాట వింటుంది. నాకు తెలియదు, లేదా తీయకుండా తగినంత జాగ్రత్త పడ్డాను అని మీరు రుజువు చేసుకోవాలి. తాళం ఎక్కడుంటుంది?

శ్రోత: తలుపు పక్కన మేకుకి తగిలిస్తామండి.

న్యాయవాది: అంతకుముందు ఎప్పుడైనా తీశాడా?

శ్రోత: ...పాల కోసం, అప్పుడప్పుడు.

న్యాయవాది: మరి తెలియకుండా ఎలా అవుతుందండీ? మేకుకి వేలాడే తాళం, పాలకి వెళ్ళే పిల్లాడు. ఇది కోర్టులో నిలబడదు.

శ్రోత: మా తమ్ముడికి లైసెన్సు ఉందండి. వాడు నడిపాడని చెబితే...

న్యాయవాది: వద్దు. ఆ మాట ఇంకెక్కడా అనకండి. ఇప్పుడున్నది ఒక ప్రమాదం. మీరు చేయబోయేది అబద్ధపు సాక్ష్యం. వీధిలో కెమెరా ఉంటుంది, ఆ పెద్దాయన కళ్ళు ఉన్నాయి. తమ్ముణ్ణి కూడా ముంచుతారు. అంతకన్నా ముఖ్యం, ఇంట్లో పెద్దవాళ్ళే వేరేవాళ్ళ మీద నెట్టేస్తే ఆ పిల్లాడు ఏం నేర్చుకుంటాడు? ఆస్పత్రికి వెళ్ళారా ఆయన్ని చూడటానికి?

శ్రోత: లేదండి, గొడవ అవుతుందని.

న్యాయవాది: మీ లాయర్‌తో మాట్లాడి వెళ్ళండి. ఇన్సూరెన్సు కంపెనీ ఆయనకి పరిహారం కట్టినా, లైసెన్సు లేనివాడు నడిపాడు కాబట్టి అది మీ దగ్గర వసూలు చేసుకోవచ్చు. ఆ సంగతి ఇప్పుడే తెలుసుకోండి. తెల్లకాగితం మీద మాత్రం సంతకాలు వద్దు, రాజీ అన్నా సరే.

వ్యాఖ్యాత: ధన్యవాదాలండి. తర్వాతి వారు.

శ్రోత: మేడమ్, మా మేనల్లుడి గురించి. పదిహేడేళ్ళు. వాళ్ళ కాలేజీ అమ్మాయితో వెళ్ళిపోయాడు, ఆ పిల్లకి పదహారు. నాలుగు రోజులకి వచ్చారు. పోక్సో పెట్టారు. ఇద్దరూ ఇష్టపడే వెళ్ళారు మేడమ్, అమ్మాయి కూడా అదే చెబుతోంది...

న్యాయవాది: పోక్సో అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం. పద్ధెనిమిది లోపు ఇష్టానికి అందులో విలువ లేదండి. ఇది నాకు సంతోషంగా చెప్పే మాట కాదు, కానీ చట్టం అది. శారీరక సంబంధం అని కేసు కడితే కనీస శిక్షే పదేళ్ళు. అంటే ఇది ఘోర నేరాల లెక్కలోకి వస్తుంది. మీవాడికి పదహారు దాటాయి కాబట్టి బోర్డు ప్రాథమిక మదింపు చేస్తుంది. వాడి మానసిక, శారీరక సామర్థ్యం, పర్యవసానం తెలిసి చేశాడా, ఏ పరిస్థితుల్లో చేశాడు, ఇవి చూస్తుంది. దానికి మూడు నెలల గడువు. ఆ తర్వాత పెద్దవాడిలా విచారించాలనుకుంటే పిల్లల కోర్టుకి పంపుతుంది. అక్కడ కూడా ఉరిశిక్ష ఉండదు. విడుదలకి వీల్లేని యావజ్జీవమూ ఉండదు. ఇరవై ఒకటి వచ్చేదాకా జైలుకి పంపరు. ఆ మదింపు జరిగే రోజున మంచి లాయర్ పక్కన ఉండాలి, కేసంతా అక్కడే మలుపు తిరుగుతుంది.

శ్రోత: అమ్మాయి వాళ్ళింటికి పెద్దమనుషుల్ని తీసుకెళ్ళి మాట్లాడితే...

న్యాయవాది: వెళ్ళకండి! ఆ అమ్మాయి కూడా పిల్లే. ఆమె మీద ఒత్తిడి తెస్తే బెయిల్ పోతుంది, మీ మీద ఇంకో కేసు వస్తుంది. ఆమెకి ఫోన్లు కూడా చేయొద్దు.

వ్యాఖ్యాత: లైన్ కట్ అయింది. ఇంకో కాలర్.

శ్రోత: హలో మేడమ్. నేను... నాకే మేడమ్ ప్రశ్న. పంతొమ్మిదేళ్ళు ఇప్పుడు. పదహారులో ఒక కొట్లాట కేసు అయింది. బోర్డు వాళ్ళు మందలించి పంపారు. ఇప్పుడు కానిస్టేబుల్ పరీక్ష రాద్దామని. రాయొచ్చా?

న్యాయవాది: రాయి నాన్నా. తప్పకుండా రాయి. జువైనల్ జస్టిస్ చట్టంలో 24వ సెక్షన్ నీలాంటివాళ్ళ కోసమే ఉంది. బోర్డు తేల్చిన కేసు వల్ల నీకు ఏ అనర్హతా అంటకూడదు. అప్పీలు గడువు అయ్యాక ఆ రికార్డు కూడా నాశనం చేయాలి. పదహారు దాటి ఘోర నేరంలో పిల్లల కోర్టు శిక్ష వేసినవాళ్ళకి మాత్రం ఇది వర్తించదు. నీది అది కాదు. బోర్డు ఆర్డర్ కాపీ ఉందా?

శ్రోత: అమ్మ దగ్గర ఉంది మేడమ్.

న్యాయవాది: జాగ్రత్త చెయ్యి. వెరిఫికేషన్ ఫారంలో ఆ గడి వచ్చినప్పుడు నీ అంతట నువ్వు రాసేయకు, దాచేయనూ వద్దు. ఆ కాపీ పట్టుకుని జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్ళి, వాళ్ళు చెప్పినట్టు నింపు. ఎప్పుడు పరీక్ష?

శ్రోత: ఇంకా నోటిఫికేషన్ రాలేదు మేడమ్. పరుగు ప్రాక్టీస్ చేస్తున్నా.

న్యాయవాది: చెయ్యి. ఆపకు.

వ్యాఖ్యాత: శుభం బాబూ. మేడమ్, ఇందాకటి తల్లి మళ్ళీ లైన్లోకి వచ్చారు.

శ్రోత: మేడమ్, నేనే. స్టేషన్ దగ్గరున్నాను. ఒంటిగంటకి బోర్డు దగ్గరికి తీసుకెళ్తారంట. మెమో తెచ్చాను. బాబుని చూశాను మేడమ్, ఏమీ తినలేదు.

న్యాయవాది: అన్నం తెచ్చారా?

శ్రోత: తెచ్చాను. లోపలికి తీసుకున్నారు. మేడమ్, బోర్డులో మీరు కూడా సంతకం పెట్టాలమ్మా అన్నారు. మీరు వద్దన్నారు కదా, నేను పెట్టనని చెప్పాను.

న్యాయవాది: అయ్యో, అమ్మా, అది వేరు. తెల్లకాగితం మీద వద్దన్నాను. బోర్డులో అడిగేది హామీపత్రం. బాబుని బాగా చూసుకుంటాను, పిలిచినప్పుడు తీసుకొస్తాను అని మీరు రాసిచ్చేది. అది పెట్టకపోతే బాబు ఇంటికి రాడు. తెలుగులో చదివి వినిపించమనండి. ఖాళీలు వదలకుండా నింపాక సంతకం పెట్టండి. 15100కి చేశారా?

శ్రోత: చేశాను మేడమ్. లాయర్ నేరుగా బోర్డు దగ్గరికే వస్తారంట.

న్యాయవాది: మంచిది. ప్రొబేషన్ ఆఫీసర్ అని ఒకరు ఇంటికొస్తారు, రెండు వారాల్లో రిపోర్టు రాయాలి. ఆయనకి ఏదీ దాచకండి. వాళ్ళ నాన్న లారీ మీద ఉంటారు, ఇరవై ఏళ్ళవాడితో తిరుగుతున్నాడు, నేను వద్దన్నాను, ఉన్నదున్నట్టు చెప్పండి. ఆ రిపోర్టే బాబుకి అండ. మామూలుగా నాలుగు నెలల్లో విచారణ అయిపోవాలి, ఇంకో రెండు నెలలు పొడిగించొచ్చు.

శ్రోత: మేడమ్, కాలేజీకి పంపొచ్చా వాడిని?

న్యాయవాది: బెయిల్ ఇచ్చాక రేపే పంపండి.

శ్రోత: వస్తున్నారు మేడమ్, బాబుని బయటికి తెస్తున్నారు. ఉంటాను.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. పిల్లల హెల్ప్‌లైన్ 1098, ఉచిత న్యాయసహాయం 15100. మేడమ్, ధన్యవాదాలు. నమస్కారం.