స్పిట్‌ఫైర్‌కి జీటీ6 కాలిపర్లు: బ్రేకు నిజంగా పెరిగిందా?

నమస్తే అండీ. చెన్నై నుంచి మళ్లీ ఒక పాత కారు వీడియో. నా వెనకాల లిఫ్ట్ మీద ఉన్నది ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ మార్క్ త్రీ. 1967 నుంచి 1970 వరకు తయారైన మోడల్, 1296 సీసీ ఇంజిన్. దీని ముందు చక్రాలకు ఇప్పుడున్న బ్రేకులు మాత్రం దీనివి కావు, అదే కంపెనీ ఇంకో కారు జీటీ6వి. "పెద్ద కాలిపర్లు తెచ్చి బిగించేస్తే చాలా అన్నా?" అని మీలో చాలామంది అడుగుతున్నారు. ముందే చెప్పేస్తాను, చాలదు. కాలిపర్, అంటే చక్రంతో తిరిగే డిస్క్‌ని ప్యాడ్లతో రెండు వైపులా నొక్కి పట్టే భాగం, అదొక్కటే మారిస్తే డబ్బూ పోతుంది, పెడలూ చెడుతుంది. సెట్టు మొత్తం మారిస్తే మాత్రం ఈ కారుకి చేయించదగ్గ పనుల్లో దీనికే నేను మొదటి స్థానం ఇస్తాను.

అసలు ఒక కారు పార్టులు ఇంకో కారుకి ఎలా కూర్చుంటాయి? దీనికి మన ఊరితో కూడా సంబంధం ఉంది. స్టాండర్డ్ హెరాల్డ్ గుర్తుందా? 1961 నుంచి ఇక్కడే, మద్రాసులో, స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు తయారు చేశారు. ఇంగ్లండులో అదే ట్రయంఫ్ హెరాల్డ్. దాని ఛాసిస్ ఆధారంగా 1962లో స్పిట్‌ఫైర్ వచ్చింది. రెండిటికీ బాడీ గీసింది ఇటలీ డిజైనర్ జొవాన్ని మికెలొట్టి. 1966లో స్పిట్‌ఫైర్‌కి గట్టి టాపు వేసి, రెండు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్ పెడితే అది జీటీ6 అయింది. మూడిటికీ ముందు సస్పెన్షన్ ఒకే కుటుంబం. ఇంజిన్ పెద్దది, బరువు ఎక్కువ కాబట్టి జీటీ6కి బ్రేకులు కూడా పెంచారు. స్పిట్‌ఫైర్ ముందు డిస్క్ 9 అంగుళాలు, జీటీ6ది 9.7. వెనక డ్రమ్ములు దీనికి 7 అంగుళాలు, దానికి 8.

ఇదిగో, కెమెరా కొంచెం దగ్గరికి తెస్తాను. ఇక్కడ మారింది కాలిపర్ ఒక్కటే కాదు. ఈ నిలువు ముక్క చూడండి, దీన్ని వర్టికల్ లింక్ అంటారు. ఇదీ జీటీ6దే. దాని స్టబ్ యాక్సిల్, అంటే చక్రం తిరిగే చిన్న ఇరుసు, లావు ఎక్కువ, బేరింగులు పెద్దవి, అందుకే చక్రం బిగించే హబ్ కూడా వేరు. వర్టికల్ లింక్, స్టబ్ యాక్సిల్, హబ్, డిస్క్, కాలిపర్, ఇవన్నీ కలిపి ఒకే కారు నుంచి తీసుకోవాలి. అలా తెచ్చుకుంటే పైనా కిందా స్పిట్‌ఫైర్ విష్‌బోన్లకి, అంటే లింక్‌ని ఛాసిస్‌కి కలిపే చేతులకి, సరిగ్గా కూర్చుంటుంది. చక్రం రెండు కార్లకీ 13 అంగుళాలే కాబట్టి రిమ్ము కాలిపర్‌కి తగలదు.

వర్టికల్ లింక్ కింద ట్రనియన్ అనే ఇత్తడి ముక్క ఉంటుంది. స్టీరింగ్ తిప్పినప్పుడు లింక్ ఈ మరలోనే తిరుగుతుంది. ఇందులో గ్రీజు కొట్టకండి. ట్రయంఫ్ చెప్పింది గేర్ ఆయిల్. గ్రీజు కొడితే పైన గట్టిపడి కూర్చుంటుంది, లోపల మర ఎండిపోతుంది, తుప్పు పడుతుంది, ఒకరోజు లింక్ విరిగి చక్రం పక్కకి ఒరిగిపోతుంది. బ్రేకుల వీడియోలో ఇదెందుకంటారా? ఈ పనికి ఎలాగూ అంతా విప్పుతారు, అప్పుడే ఇది కూడా చూసుకోవాలి. కుడి ఎడమల మరలు ఒకదానికొకటి వ్యతిరేకం, కలిపేయకండి.

ఇప్పుడు లెక్క. ఈ వీడియోలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే, దయచేసి స్కిప్ చేయకండి.

మీరు పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్ కొంత బ్రేక్ ఆయిల్‌ని ముందుకి తోస్తుంది. ఆ ఆయిల్ కాలిపర్ పిస్టన్‌ని తోస్తుంది. లెక్క కోసం 48 మిల్లీమీటర్ల పిస్టన్ ఉన్న కాలిపర్ తీసి 54 ఉన్నది పెట్టామనుకోండి. ఆరు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి తేడా దాదాపు 27 శాతం. అదే తొక్కుడుకి ప్యాడ్ మీద 27 శాతం ఎక్కువ బలం పడుతుంది. బాగానే ఉంది. కానీ అంత పెద్ద పిస్టన్ అంతే దూరం కదలాలంటే ఆయిల్ కూడా 27 శాతం ఎక్కువ కావాలి. అది ఎక్కడి నుంచి వస్తుంది? మీ కాలి కింద నుంచే. పెడల్ లోతుకి దిగుతుంది.

పెడల్ దిగిందని చాలామంది వెంటనే మాస్టర్ సిలిండర్ పెద్దది వేయిస్తారు. 0.625 అంగుళాలది, అంటే 5/8, తీసి 0.70ది పెట్టారనుకోండి. వైశాల్యం 25 శాతం పెరిగింది. పెడల్ మళ్లీ పైకి వస్తుంది, కాలికి గట్టిగా తగులుతుంది, బ్రేకు అదిరిపోయిందని సంబరం. కానీ అదే కాలి బలం ఇప్పుడు మాస్టర్ సిలిండర్‌లోని పెద్ద పిస్టన్ మీద పడుతోంది కాబట్టి పైపుల్లో ఒత్తిడి 20 శాతం తగ్గింది. కాలిపర్ దగ్గర సంపాదించిందంతా దాదాపు ఇక్కడే ఖర్చయిపోయింది. మిగిలింది డిస్క్ పెద్దది కావడం వల్ల వచ్చిన లాభం, అదొక 8 శాతం. పైగా వెనక డ్రమ్ములకి వెళ్లే ఒత్తిడి కూడా ఆ 20 శాతం తగ్గింది కదా! వాటికి బదులుగా వచ్చింది ఏమీ లేదు. అంటే వెనక బ్రేకులు బలహీనపడ్డాయి. జీటీ6కి వెనక 8 అంగుళాల డ్రమ్ములు ఊరికే పెట్టలేదు.

అందుకే ఈ కారులో మేస్త్రి గారు పాత సైజు మాస్టర్ సిలిండరే ఉంచారు. సీల్ కిట్ మార్చి, వెనక షూలు దగ్గరగా అడ్జస్ట్ చేశారు. పెడల్ పాతదానికంటే కాస్త కిందికి దిగుతుంది, కానీ తేలిగ్గా ఉంటుంది. నాకు ఈ నిర్ణయం బాగా నచ్చింది. ఇప్పుడు బ్రేకు పనిలో ముందు చక్రాల వంతు పెరిగింది. తడి రోడ్డు మీద గట్టిగా తొక్కితే ముందు చక్రాలే ముందు లాక్ అవుతాయి. ఆ సమయంలో స్టీరింగ్ పనిచేయదు, అది గుర్తుంచుకోవాలి. కానీ ఈ మోడల్‌కి వెనక స్వింగ్ యాక్సిల్, అంటే చక్రం పైకీ కిందికీ ఊగినప్పుడు దాని వాలు కూడా మారిపోయే పద్ధతి. వెనక చక్రాలు ముందు లాక్ అయితే కారు గిర్రున తిరిగిపోతుంది. రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే నేను మొదటిదే ఎంచుకుంటాను.

పార్టులు కొనేటప్పుడు ఒక ప్రమాదం గురించి తప్పకుండా చెప్పాలి. ఈ కాలిపర్లు గర్లింగ్ అనే బ్రేకుల కంపెనీవి. వాటిలో పాతవాటికి హోస్, అంటే బ్రేక్ ఆయిల్ వచ్చే గొట్టం, బిగించే మర అంగుళాల లెక్కలో ఉంటుంది, 3/8 యూఎన్ఎఫ్. తర్వాత వచ్చిన వాటిలో మెట్రిక్, ఎం10. మొదటిది 9.5 మిల్లీమీటర్లు, రెండోది 10. మరల మధ్య దూరం దాదాపు ఒకటే. దాంతో 3/8 హోస్ ఎం10 కాలిపర్‌లోకి చక్కగా ఎక్కేస్తుంది! కొంచెం వదులుగా ఉందే అనిపిస్తుంది, అంతే. గట్టిగా బ్రేకు తొక్కిన రోజు ఊడి వస్తుంది. ఈ కారుకి ఒక అమ్మకందారు పంపిన జతలో ఒక కాలిపర్ అంగుళాలది, ఇంకోటి మెట్రిక్. మేస్త్రి గారు మర కొలిచే థ్రెడ్ గేజ్ పెట్టి చూశారు కాబట్టి పట్టుబడింది. పాత స్పిట్‌ఫైర్లలో బ్రేకు సర్క్యూట్ ఒకటే. ఒక్క హోస్ ఊడితే నాలుగు చక్రాలకీ బ్రేకు ఉండదు. గేజ్ పెట్టకుండా బిగించే వాళ్ల దగ్గర ఈ పని చేయించకండి.

ఆయిల్‌లో ఇరుక్కున్న గాలిని బయటికి వదిలే బ్లీడ్ నిపుల్ ఎప్పుడూ పైకి ఉండాలి. కుడి కాలిపర్ ఎడమకి బిగిస్తే నిపుల్ కిందికి వస్తుంది, గాలి పైన ఇరుక్కుపోతుంది, ఎంత బ్లీడింగ్ చేసినా పెడల్ స్పాంజిలాగే ఉంటుంది.

రబ్బరు సీళ్ల గురించి కూడా చెప్పాలి. పెడల్ వదిలినప్పుడు పిస్టన్‌ని వెనక్కి లాగేది స్ప్రింగ్ కాదు. చదరపు కోత ఉన్న సీల్ కొంచెం మెలితిరిగి, మళ్లీ తన ఆకారానికి వస్తూ పిస్టన్‌ని కూడా లాక్కొస్తుంది. మన సముద్రపు గాలికి పిస్టన్ మీద క్రోమ్ పొడలు పొడలుగా లేచిపోతే సీల్ ఆ పని చేయలేదు, ప్యాడ్ డిస్క్‌ని రాసుకుంటూనే ఉంటుంది. అందుకే ఇందులో స్టెయిన్‌లెస్ స్టీల్ పిస్టన్లు వేశారు. బిగించేటప్పుడు వాడాల్సింది ఎర్రటి రబ్బర్ గ్రీజు. మామూలు గ్రీజు తగిలితే సీల్ ఉబ్బిపోతుంది. కాలిపర్ రెండు సగాల్నీ కలిపే బోల్టులు మాత్రం ముట్టుకోవద్దని గర్లింగ్ వాళ్లే చెప్పారు.

గర్లింగ్ అంటే చెన్నై వాళ్లకి కొత్త పేరేం కాదు. 1962లో మొదలైన బ్రేక్స్ ఇండియా మన పాడిలోనే ఉంది, టీవీఎస్ గర్లింగ్ పేరు అక్కడిదే. ఈ కాలిపర్లు మాత్రం ఇక్కడ షాపులో అడిగితే దొరకవు. పాత బండ్ల పార్టుల బజారు పుదుపేటలో మీకు దొరికేవి పైపు ముక్కలు, ఫ్లేరింగ్, అంటే పైపు చివర వెడల్పు చేసే పని, చేసిపెట్టే మనుషులు, క్లిప్పులు. ఆ పని అక్కడ బాగానే చేస్తారు.

బ్రేక్ ఆయిల్ డాట్ 4. కొత్తదానికి మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీలు ఉండాలి. తేమ పీల్చుకున్నాక అది 155 వరకు పడిపోవచ్చు. మన ఊళ్లో గాలిలో తేమకి కొదవ లేదు. కారు షెడ్డులోనే ఉన్నా సరే, ఏడాదికోసారి మార్పించండి.

ఇక నడిపితే ఎలా ఉంది? ఈసీఆర్, అంటే చెన్నై ఈస్ట్ కోస్ట్ రోడ్డు, మీద ఖాళీగా ఉన్నప్పుడు ఒక్కసారి గట్టిగా ఆపి చూస్తే, నిజం చెప్పాలంటే, పాత బ్రేకులతో పెద్ద తేడా తెలియదు. చక్రాన్ని లాక్ చేసేంత బలం పాతవాటికీ ఉంది. అక్కడి నుంచి కారుని ఆపేది టైరే. ఆగే దూరం తగ్గాలంటే ముందు మంచి టైర్లు కొనండి.

తేడా ఏలగిరి ఘాట్ దిగుతుంటే తెలిసింది. 14 హెయిర్‌పిన్ మలుపులు, ప్రతి మలుపు ముందూ బ్రేకు. పాత సెట్టుతో సగం దిగేసరికి ప్యాడ్ వాసన, పెడల్ ఎంత తొక్కినా కారు జారుతున్నట్టు ఒక భయం ఉండేది. ఈ సెట్టుతో కింద చెక్‌పోస్టు దాకా పెడల్ ఒకేలా ఉంది. డిస్క్‌లో ఇనుము ఎక్కువ, అది మింగే వేడి ఎక్కువ. ఈ మార్పుతో మీరు కొంటున్నది ఇదే.

కాబట్టి సిటీలో, ఆదివారం పూట క్లబ్ మీటింగులకి మాత్రమే నడిపేవాళ్లకి నేనిది చెప్పను. ఉన్న కాలిపర్లకే సీళ్లు, పిస్టన్లు, హోసులు కొత్తవి వేయించండి, చాలు. కొండలెక్కేవాళ్లు, ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద తిప్పేవాళ్లు పూర్తి సెట్టు దొరికితేనే తీసుకోండి. విడి కాలిపర్లు చవగ్గా వస్తున్నాయంటే వదిలేయండి.

మన హెరాల్డ్ ఉన్నవాళ్లు "ముందు డ్రమ్ములు తీసి డిస్కులు వేయొచ్చా" అని అడుగుతున్నారు. వేయొచ్చు. సస్పెన్షన్ ఒకే కుటుంబమని చెప్పాను కదా, మీకు స్పిట్‌ఫైర్ 9 అంగుళాల సెట్టే సరిపోతుంది, జీటీ6ది అక్కర్లేదు. మీ కారు ఏ సంవత్సరంది, మాస్టర్ సిలిండర్ మీద ఏ సైజు పోతపోసి ఉంది, ఈ రెండూ కామెంట్‌లో రాయండి, చూసి చెబుతాను.